చక్రవర్తి గిన్నె మీద పండ్లెన్ని?

మా ఊరు ట్రాయ్ నుంచి క్లీవ్‌లాండ్‌కి కారులో మూడు గంటలు. ఆ మూడు గంటల దూరం వెళ్ళడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. కారణం ఒక చైనా గిన్నె. నిజానికి కారణం నర్సింహారెడ్డి.

రెడ్డిగారూ నేనూ మిషిగన్‌లో ఒకే కార్ల కంపెనీలో, ఒకే అంతస్తులో పందొమ్మిదేళ్ళు పనిచేశాం. ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా ఊరి తెలుగు సంఘం ఉగాదికి ఒక సావనీర్ సంచిక వేసేది. అందులో సగం ప్రకటనలు, పావు వంతు అధ్యక్షుల ఫొటోలు, మిగిలిన పావు వంతులో ఎవరూ చదవని వ్యాసాలు. ఆ ఏడాది రెడ్డిగారు ఎడిటర్. చైనా చక్రవర్తుల పింగాణీ గిన్నెల గురించి, వాటి మీద వేసే శుభ చిహ్నాల గురించి నేనొక వ్యాసం రాసిచ్చాను. క్లీవ్‌లాండ్‌లో ఒక మ్యూజియంలో ఉన్న గిన్నెను అందులో ప్రత్యేకంగా ప్రస్తావించాను. పద్దెనిమిదో శతాబ్దంలో రాజప్రాసాదం కోసం చేసిన తెల్లటి గిన్నె. దాని మీద పీచ్ పండ్ల కొమ్మ. చైనావాళ్ళకి పీచ్ దీర్ఘాయుష్షుకి గుర్తు. కొమ్మకి ఎనిమిది పండ్లున్నాయని రాశాను.

రెడ్డిగారు ఆ నెలలోనే ఏదో ఆఫీసు పనిమీద క్లీవ్‌లాండ్ వెళ్ళారు. మ్యూజియంలోకి తొంగిచూశారు. నా వ్యాసంలో "ఎనిమిది" కొట్టేసి "ఐదు" అని వేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. అక్కడితో ఆగినా సరిపోయేది. ఉగాది సభలో మైకు పట్టుకుని, "మన మూర్తిగారు పుస్తకాలల్ల చూసి రాస్తరు. నేను కండ్లతోని చూసి దిద్దుత. ఐదు పండ్లుంటే ఎనిమిదన్నడు. మూడెక్కువ!" అన్నారు. హాలు హాలంతా నవ్వింది. ఆ రోజు నుంచీ నేను మూడెక్కువ మూర్తిని. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా "మూర్తిగారికి మూడు గారెలు ఎక్కువెయ్యండి" అనే మహానుభావుడు ఒకడుంటాడు. మా అమ్మాయి పెళ్ళిలో వియ్యంకుడి చెవిలో కూడా ఎవరో ఊదారు.

మరి ఇరవై రెండేళ్ళూ వెళ్ళి చూడకుండా ఏం చేశావని మీరడగవచ్చు. ఆ సభ అయిన కొద్దికాలానికే గిన్నెను ప్రదర్శన నుంచి తీసి లోపల భద్రపరిచారు. మ్యూజియంవాళ్ళ వెబ్‌సైట్‌లో ఉన్న ఫొటో ఒక వైపు నుంచి తీసింది. అందులో పండ్లు నాలుగే కనిపిస్తాయి. ఇది నేను అందరికీ చెప్పే జవాబు. చెప్పని జవాబు ఇంకొకటుంది. ఆ గిన్నెను నేనెప్పుడూ చూడలేదు. అలాంటి గిన్నెలకి ఎనిమిది పండ్లుంటాయని మా లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకంలో చదివి రాశాను. అంత లావు పుస్తకం అబద్ధం చెప్పదనుకున్నాను.

ఈ వసంతంలో ఆ గిన్నెను మళ్ళీ బయటపెట్టారు. ఆ తర్వాతి నెలలోనే రెడ్డిగారి ఎనభయ్యో పుట్టినరోజు. ట్రాయ్‌లో హాలు బుక్ చేశారు, రెండు వందల మందిని పిలిచారు. ఆయన మైకు పట్టుకుంటారు, మూడెక్కువ కథ మళ్ళీ చెబుతారు, మా మనవలు కూడా వింటారు. అంతకు ముందే లెక్క తేలాలి. ఆయన కళ్ళతోనే తేలాలి. ఫోన్ చేశాను.

"రెడ్డిగారూ, ఆ గిన్నె మళ్ళీ పెట్టారు."

"ఏ గిన్నె?"

"మీకు తెలుసు."

అవతల టీవీ గొంతు తగ్గించారు. తర్వాత, "నాకు కంటి ఆపరేషన్ అయిందయ్యా. అప్పటికంటె ఇప్పుడు సాఫ్ కనబడతది. పద పోదాం. ఓడిపోయినంక మొకం చిన్నగ చేసుకోవద్దు మల్ల" అన్నారు.

మా ఇద్దరికీ హైవే మీద డ్రైవింగ్‌ను మా పిల్లలు నిషేధించారు. అందుకని స్టీరింగ్ రెడ్డిగారి భార్య సులోచనమ్మ పట్టింది. ఆవిడకి డెబ్బై మూడేళ్ళు. ఆవిణ్ణి నిషేధించే ధైర్యం మా రెండు కుటుంబాల్లో ఎవరికీ లేదు. బుధవారం ఉదయం ఏడింటికి బయల్దేరాం. (సోమవారం మ్యూజియం ఉండదు, శని ఆదివారాల్లో జనం.) ఐ-75 హైవే మీద దక్షిణానికి డెట్రాయిట్ దాటుకుని టొలీడో వరకూ గంటా పావు. అక్కడ నది మీద పెద్ద తీగల వంతెన దాటాక ఒహాయో టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కాలి. టోల్ మాకు ఆరు డాలర్ల లోపే అయింది. టర్న్‌పైక్ మీద చూడటానికేమీ లేదు. ఇంటర్నెట్‌లో ఎవరో దాన్ని "కనువిందు చేసే పచ్చదనం" అని రాశారు. అది మొక్కజొన్న. అది కూడా ఇంకా మొలవలేదు.

వెనక సీట్లో నేను, ముందు సీట్లో రెడ్డిగారు. దారి పొడుగునా ఆయన వెనక్కి తిరిగి నాకు పందెం షరతులు చెబుతున్నారు. "ఐదే ఉన్నయనుకో, నువ్వు మైకుల ఒప్పుకోవాలె. ఎనిమిది ఉన్నయనుకో, నేను ఒప్పుకుంట."

"పుట్టినరోజు మీది, ఒప్పుకోవడం నేనా?"

"అదే గిఫ్ట్ అనుకో."

"ముందుకు చూసి కూసోండి ఇద్దరు," అంది సులోచనమ్మ. "నాకు లేన్ మారాలంటె అద్దంల మీ తలకాయలే కనబడుతున్నయి. ఇంట్ల పండ్లు కొనుక్కురమ్మంటె లెక్కతోని తెచ్చినోళ్ళు ఒక్కరు లేరు."

పది దాటాక చేరాం. మ్యూజియంకి ప్రవేశ రుసుం లేదు. పార్కింగ్‌కి మాత్రం మా దగ్గర పద్నాలుగు డాలర్లు తీసుకున్నారు. బ్యాగులు లాకర్లో పెట్టాలి, తాగే నీళ్ళతో సహా. చైనా గది దొరకడానికి నడవాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే వాటితో కూడబలుక్కోండి.

గిన్నె దగ్గరికి వెళ్ళే ముందు ఆ గదిలో మిగిలినవి చూసి తీరాలి. లోపలా బయటా కూడా పసుపు రంగున్న గిన్నె ఉంది. ఆ రెండు వైపుల పసుపు రాజుగారికీ, పట్టపురాణికీ, తల్లిగారికీ మాత్రమే. బయట పసుపు, లోపల తెలుపు అయితే ఒక మెట్టు కిందున్న రాణికి. అంతఃపురంలో అన్నం తినే గిన్నె రంగు చూసి ఎవరి స్థానం ఏమిటో చెప్పేయవచ్చు. మా కంపెనీలో పార్కింగ్ స్థలాలు అలాగే ఉండేవి. పక్కన పచ్చటి డ్రాగన్ల గిన్నె. రాజుగారి డ్రాగన్‌కి కాలికి ఐదు గోళ్ళుంటాయి. ఇంకో అరలో శంఖం, చక్రం, గొడుగు, పద్మం, జంట చేపలు వరసగా వేసిన గిన్నె కనిపించగానే రెడ్డిగారు ఆగిపోయారు.

"ఇవన్ని మనయే కదయ్యా!"

మనవే. బౌద్ధంతో పాటు టిబెట్ మీదుగా అక్కడికి వెళ్ళిన ఎనిమిది మంగళ చిహ్నాలు అవి. ఆయన సరిగ్గా చెప్పారని ఒప్పుకోవలసి రావడం ఆ ఉదయం నాకు తగిలిన మొదటి దెబ్బ. ఇంకో గిన్నె మీద ఎర్రటి గబ్బిలాలు ఎగురుతున్నాయి. "ఛీ, తినే గిన్నె మీద గబ్బిలాలేంది!" అని సులోచనమ్మ దూరం జరిగింది. చైనాలో అవి అదృష్టాన్ని తెస్తాయని చెప్పాను. "తేనీ, వాళ్ళింటికి తేనీ," అంది.

మన గిన్నె గది మధ్యలో ఉంది. నాలుగు వైపులా గాజు. నా రెండు అరచేతుల్లో ఒదిగేంత గిన్నె. పలచన ఎంతంటే, పైనున్న దీపం వెలుగు గిన్నె గోడలోంచి దిగి లోపలికి కనిపిస్తోంది. తెలుపు పాలలా కాదు, ఒలిచిన కొబ్బరిలా ఉంది. కొమ్మ అడుగున పుట్టి ఒక పక్కగా మెలితిరిగి పైకి వెళుతోంది. పండ్ల మీద గులాబీ రంగు చుక్కలు చుక్కలుగా వేసి, కొన దగ్గర ఎరుపెక్కించారు. ఆ గులాబీ రంగు చేయడానికి బంగారం వాడతారు. ఇరవై రెండేళ్ళ పగ రెండు నిమిషాలు మర్చిపోయాను. మూడో నిమిషంలో రెడ్డిగారు గాజు చుట్టూ తిరుగుతూ వేలు చూపించి లెక్క మొదలుపెట్టారు.

"ఒకటి. రెండు. గీ ఆకు పక్కన మూడు. నాలుగు. ఐదు. అయిపోయె. ఏం మూర్తీ?"

నేనూ గాజు చుట్టూ ఒక చుట్టు తిరిగాను. బయట నాకూ ఐదే కనిపించాయి. అప్పుడు కొమ్మ చివరెక్కడుందో వెతికాను. అది అంచు దగ్గర ఆగలేదు. అంచు దాటి లోపలికి దిగింది. గోడ అవతలి పెరట్లోకి వాలిన కొమ్మలాగా గిన్నె లోపలి వైపున మళ్ళీ పువ్వులు, ఆకులు, కాయలు వేసింది. పుస్తకంలో ఈ మాట చదివాను. చదివినప్పుడు బుర్రలోకి వెళ్ళలేదు.

"రెడ్డిగారూ, లోపల చూడండి."

ఆయన మునివేళ్ళ మీద లేచారు. కొత్త కన్ను దగ్గరగా పెట్టారు. పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు.

"ఐదూ మూడూ ఎంతండీ?" అన్నాను. మా మ్యూజియం సందర్శనలో అత్యంత ఆనందకరమైన క్షణం అదే. దాచుకోదలచుకోలేదు.

గాజు మీద ఆయన ఊపిరి మరక పడింది, చేతిరుమాలుతో తుడిచారు. "సులోచనా, జర కూసుంట" అని పక్క గదిలో బల్ల దగ్గరికి నడిచారు. ఆవిడ వెంట వెళ్ళింది.

నేను వెళ్ళలేదు. నా ఎనిమిది పండ్లతో కాస్త ఒంటరిగా ఉందామనిపించింది. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉన్న గార్డు దగ్గరికొచ్చింది. అరవై దాటిన నల్లజాతి మహిళ, తెల్లబడ్డ జుట్టు, జేబు మీద బెవర్లీ అని పేరు.

"మీరిద్దరూ ఏం లెక్కపెడుతున్నారు, హనీ?"

కథ చెప్పాను. కొంచెం నాకు అనుకూలంగానే చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఎనిమిది కాదు. తొమ్మిది."

"క్షమించాలి, పుస్తకంలో ఎనిమిదని ఉంది."

"పుస్తకం ఈ గదిలో నిలబడలేదు కదా. నేను నిలబడ్డాను. ఇటు రండి. ఆ పక్కనున్న అల్మరాకీ దీనికీ మధ్య సందుంది చూడండి, అందులోకి. ఇప్పుడు కూర్చోండి. ఇంకా కిందికి. స్కూల్ పిల్లలొస్తే మొదట కనిపెట్టేది దాన్నే. వాళ్ళ కళ్ళు ఆ ఎత్తులో ఉంటాయి. పెద్దవాళ్ళు నిలబడే లెక్కపెడతారు."

ఒక చేయి నేల మీద ఆనించి, ఒక మోకాలు వంచి, చూశాను. గిన్నె పాదానికి ఆనుకుని, ఆకు చాటున, మిగిలిన వాటికంటే చిన్నది. తొమ్మిదో పండు. ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోవచ్చంటే తీశాను. లేవడానికి బెవర్లీ చేయి అందించింది. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఒక చక్రవర్తి కాలంలో ఇలాంటి గిన్నెలకి ఎనిమిది వేశారట, ఆయన కొడుకు కాలంలో తొమ్మిది వేశారట. నేను తండ్రి గురించి చదివి కొడుకు గిన్నె గురించి రాశాను.

బయటి తిండి లోపల కుదరదు కాబట్టి, పార్కింగ్‌లో కారులోనే సులోచనమ్మ తెచ్చిన పులిహోర తిన్నాం. రెడ్డిగారు ప్లేటు ముట్టుకోలేదు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. పుట్టినరోజు ప్రసంగం అది.

"మూర్తీ, నేను లోపల చూడలే," అన్నారు. ఆయన నాతో అంత మెల్లగా మాట్లాడటం మా మేనేజర్ పోయినప్పుడు తప్ప వినలేదు. "బయటనే చూసిన. తొందరల ఉంటి. నిన్ను అడగాల్సింది, అడగలే. మీద నుంచి నవ్విపిచ్చిన. ఫంక్షన్ల అందరి ముంగట చెప్త. మూర్తి ఎనిమిది అన్నడు, ఎనిమిదే ఉన్నయి, నాదే తప్పని."

కలం తీసి ప్రసంగంలో ఒక వాక్యం కొట్టేసి, పైన "ఎనిమిది" అని పెద్దగా రాసుకున్నారు. నేను పులిహోరలో వేరుశనగ పలుకులు ఏరుతున్నాను. రెండు వందల మంది ముందు, మైకులో, మా మనవల ఎదురుగా. ఇరవై రెండేళ్ళుగా స్నానం చేస్తూ ఊహించుకున్న దృశ్యం. అందులో రెడ్డిగారి గొంతు ఎలా వణకాలో కూడా నేను నిర్ణయించి ఉంచాను.

"ఏందన్నా, ఉప్పు తక్కువైందా?" అంది సులోచనమ్మ.

"బావుందమ్మా," అన్నాను.

తిరుగు ప్రయాణంలో రెడ్డిగారు ముందుకే చూస్తూ కూర్చున్నారు. ఆయన బట్టతల వెనక భాగం చూస్తూ గంట సేపు కూర్చున్నాను. ఫోన్ జేబులో ఉంది, అందులో ఆ పండుంది. నా మాట గట్టిగా నమ్మి, తన లెక్క కొట్టేసుకున్నాడాయన. సరిగ్గా చూడకుండా నా లెక్క కొట్టేశాడని కదా నా బాధ. ఇప్పుడు నేను చూసి కూడా నోరు మూసుకుంటే ఆయన కంటే ఏ విధంగా మెరుగు? ఇలాంటి ప్రశ్నలు వేసుకునే అలవాటు నాకు లేదు. మొక్కజొన్న కూడా మొలవని దారిలో ఇంకేం చేస్తాం.

మూడున్నరకి టర్న్‌పైక్ మీద సర్వీస్ ప్లాజాలో కాఫీకి ఆగాం. మూడు కాఫీలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఫోన్ తీసి ఫొటో పెద్దది చేసి రెడ్డిగారి ముందు పెట్టాను.

"ఇదేంది?"

"తొమ్మిదోది."

ఆయన కళ్ళజోడు పైకి తోశారు. ఫోన్ దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం పెట్టారు, మళ్ళీ దగ్గరికి తెచ్చారు. "ఏడున్నదిది?"

"కింద. ఆకు చాటున. గార్డు బెవర్లీ చూపించింది. మీరు బల్ల మీద కూర్చున్నప్పుడు."

"అంటె పులిహోర తినేటప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"నేను కాగితం మీద రాసుకుంటుంటె చూసినవ్."

"చూశాను."

"చెప్పకపోతె ఎవలకు తెలుస్తుండె?"

"బెవర్లీకి."

"ఆమె మన ఫంక్షన్‌కు రాదు కదా!"

"రాదు. నేను వస్తాను కదండీ."

రెడ్డిగారు ఫోన్ పక్కన పెట్టి, జేబులోంచి ప్రసంగం కాగితం తీసి బల్ల మీద పరిచారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు కదిలాయి, దగ్గొచ్చింది, కాఫీ కాగితం మీద ఒలికి "ఎనిమిది" చెదిరిపోయింది. పక్క బల్ల దగ్గర లారీ డ్రైవర్ ఎవరో, ఈయనకేమైనా అయిందా అన్నట్టు లేవబోయాడు. సులోచనమ్మ అతనికి చెయ్యి ఊపి, మా వైపు తిరిగింది.

"ఆ సావనీర్ టైపు చేసింది నేను. 'ఎనిమిదని రాసిండు, ఒక్క ఫోన్ కొట్టి అడుగున్రి' అన్న. ఈయన ఇనలే."

"అడిగినా ఏం లాభం లేదమ్మా," అన్నాను. "ఎనిమిదే అని గట్టిగా వాదించేవాణ్ణి. పేజీ నంబరుతో సహా."

"మరి ఇరవై రెండేండ్లు నేను మీ ఇద్దరి మధ్యల ఎందుకు నలిగిన?" అంది. ఇంకో కాఫీ కావాలా అని అడిగాం. ఇద్దరం ఒకేసారి అడిగాం.

పోయిన శనివారం ఫంక్షన్ అయింది. కేకు పెద్దది, ప్రసంగాలు ఇంకా పెద్దవి. సంఘం మాజీ అధ్యక్షులు నలుగురు మాట్లాడారు, నలుగురూ తమ గురించే మాట్లాడారు. చివర్లో రెడ్డిగారు కాఫీ మరకున్న ఆ కాగితంతోనే మైకు దగ్గరికెళ్ళి, నన్ను పైకి పిలిచారు. హాల్లో అప్పుడే ఎవరో "మూడెక్కువ!" అని అరిచారు.

"ఆ పేరు ఇయ్యాల్టి నుంచి రద్దు," అన్నారు రెడ్డిగారు. "గిన్నె మీద తొమ్మిది ఉన్నయి. ఇద్దరం పోయి చూసినం. ఈయన ఒకటి తక్కువ మూర్తి. నేను నాలుగు తక్కువ రెడ్డి."

హాలు హాలంతా నవ్వింది. అప్పటి నవ్వులో నేను లేను, ఇప్పటి నవ్వులో నేనూ ఉన్నాను. భోజనాల దగ్గర ఒక మహానుభావుడు నా విస్తట్లోంచి ఒక గారె తీసేశాడు. రెడ్డిగారి విస్తట్లోంచి నాలుగు తీశాడు. లెక్క సరిపోయింది.

నేను జీవితంలో చాలా పుస్తకాలు చదివాను, వాటి సాయంతో చాలామందితో తగాదా పడ్డాను. వాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళతో నేను నెగ్గిన వాదనల్లో ఎన్ని కిందికి వంగకుండా నిలబడి లెక్కపెట్టినవో నాకు తెలియదు, కనుక్కునే దారి కూడా లేదు. ఆ గిన్నె చేసినవాడు గుర్తొస్తున్నాడు. మూడు పండ్లు లోపల వేశాడు, తినేవాడికి కనిపించాలని. ఐదు బయట వేశాడు, ఎదుటివాడికి కనిపించాలని. ఆ తొమ్మిదోది ఎవరికోసం వేశాడో ఎంత ఆలోచించినా తేలలేదు. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత ఒహాయోలో స్కూల్ పిల్లలు చూస్తారని అనుకుని ఉండడు. నాకు మాత్రం రెడ్డిగారితో ఉదయం నడకకి వెళ్ళే వీలు దానివల్లే కలిగింది. ఈ వయసులో అంతకంటే పెద్ద దీర్ఘాయుష్షు ఏ గిన్నె ఇస్తుందో నాకు తెలియదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. మామూలు పనిదినం ఉదయం పదింటికల్లా వెళ్ళండి, గిన్నె దగ్గరికి వెళ్ళగానే లెక్క మొదలుపెట్టకండి. ముందు గుమ్మం దగ్గర నిలబడ్డ గార్డును పలకరించండి. కిందికి వంగడం మీ వల్ల అవుతుంది. లేవడానికి ఆవిడ చేయి కావాలి.